వెంకటరావమ్మ కలిపిన స్పెల్

6 సెప్టెంబరు 1987, ఆదివారం, సాయంత్రం

ఈ రోజు వెంకటరావమ్మకు కాదు అని చెప్పాను. మా ఇంట్లో ఎవరూ వాళ్ల ఇంట్లో ఎవరికీ ఇంతవరకు ఆ మాట చెప్పలేదు. పెన్ను ఒత్తి కాగితం చిరిగింది. భయం కాదు, కోపం.

మొదటినుంచీ రాస్తాను. లేకపోతే కోపం తగ్గాక నేనే తప్పు అనిపిస్తుంది.

పోయిన ఏడాది మా కాలేజీకి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పడానికి కెనడా నుంచి మార్గరెట్ మిస్ వచ్చారు. నోరు తెరవడానికి సిగ్గుపడుతున్నామని ఒక ఆట నేర్పారు. దానికి బోర్డు లేదు, పావులు లేవు. ఒకరు రిఫరీ. రిఫరీ కథ చెబుతుంది. మీరు గుహలో ఉన్నారు, ఎదురుగా తలుపు, తలుపు వెనక ఏదో గురక పెడుతోంది, ఏం చేస్తారు? మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో వేషం. ఏం చేస్తారో చెప్పాలి. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. మంత్రగత్తె వేషం కట్టినవాళ్లు స్పెల్స్ వేస్తారు. ఏ స్పెల్ ఎంత దూరం పోతుంది, ఎంతసేపు ఉంటుంది, ఎవరిమీద పని చెయ్యదు, అన్నీ పుస్తకంలో ఉన్నాయి.

మిస్ వెళ్లిపోతూ ఆ పెట్టె నా చేతికి ఇచ్చారు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు బొమ్మలు చూసి వదిలేశారు. చివరి పేజీదాకా చదివింది నేను. మా వంశంలో పదో క్లాసు దాటింది నేనొక్కదాన్నే. పుస్తకం చేతికిస్తే చదవాలని తప్ప నాకు ఇంకేమీ తెలియదు. పాచికలు వానాకాలంలో మురుక్కాలవలో పోయాయి. తంబోలా బిళ్లల్లో ఇరవైదాకా ఏరి టిఫిన్ డబ్బాలో వేసి ఒకటి తీస్తాం. పెద్ద నంబరు వస్తే పని జరిగినట్టు. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక మేడమీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంటాం. వార్డెన్‌గారు ఇంకా ఇంగ్లీషు ప్రాక్టీసు అనుకుంటున్నారు.

కరీమున్‌ది దాచేపల్లి. వాళ్ల నాన్న సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆటలో కత్తి పట్టిన యోధురాలు. రెబ్కా పొన్నూరు పాస్టరుగారి అమ్మాయి. గాయాలు మాన్పే సన్యాసిని. వెంకటరావమ్మ మంత్రగత్తె. ఆమెదీ నాదీ ఒకే ఊరు, దర్శికి అవతల. వాళ్ల నాన్న యలమందయ్యగారి పత్తి చేలో మా నాన్న జక్రయ్య మందు కొడతాడు. ఊళ్లో నేను ఆమెను అమ్మాయిగారూ అంటాను. హాస్టల్లో నువ్వు అంటాను. రిఫరీగా కూర్చున్నప్పుడు ఏమీ అనక్కర్లేదు. నేను చెప్పిందే జరుగుతుంది.

హాస్టల్లో అందరికీ తన పేరు రమ్య అని చెప్పుకుంది. సర్టిఫికెట్లో ఉన్నది వెంకటరావమ్మ. ఈ డైరీలో నేను సర్టిఫికెట్ ప్రకారమే రాస్తాను.

ఈ రోజు ఏం జరిగిందంటే, రాక్షసుల గుంపు ఎదురైంది. వెంకటరావమ్మ తన సొంత స్పెల్ వేస్తానంది. పుస్తకంలో నిద్రపుచ్చే స్పెల్ వేరు, గూడు కట్టి బంధించే స్పెల్ వేరు, నిప్పు స్పెల్ వేరు. మూడూ కలిపి ఒక్క దెబ్బలో వేస్తుందట. దానికి మహాజ్వాల అని పేరు కూడా పెట్టింది. శత్రువు లేవడు, కదలడు, కాలిపోతాడు అని చేతులు ఊపుతూ చెప్పింది. పుస్తకంలో లేదు అన్నాను. పుస్తకంలో ఉన్నవి ఎవడో ఒకడు తయారుచేసినవే కదే, వాడికి కొమ్ములున్నాయా అంది. లేదు అన్నాను. ఎందుకు లేదు అంది. లేదు కాబట్టి లేదు అన్నాను. ఏమే జయా, పెట్టె నీ మంచం కింద ఉందని పెద్ద దొరసానివనుకుంటున్నావా అంది.

దొరసాని. ఆ మాట ఆమె నోట, నన్ను పట్టుకుని.

ఆట ఆపేశాను.

7 సెప్టెంబరు, సోమవారం

ఉప్మా లైన్లో నా ముందు నిలబడింది. వెనక్కి తిరగలేదు. మంచిదే, నాకు జడ మాత్రమే కనిపించింది.

13 సెప్టెంబరు, ఆదివారం

నిన్న నేను లైబ్రరీలో ఉన్నప్పుడు నా మంచం కింది పెట్టె తీసి పుస్తకం చదివిందట. ఏడాదిలో మొదటిసారి. ఈ రోజు మేడమీదికి రాగానే ఒక పేజీ తెరిచి నా ముక్కు ముందు పెట్టింది. అందులో ఉంది. మంత్రగాళ్లు కొత్త స్పెల్ తయారు చేసుకోవచ్చు, రిఫరీ ఒప్పుకుంటే.

ఆ వాక్యం నాకు తెలుసు. ఒప్పుకుంటే అని ఉంది కదా, నేను ఒప్పుకోవడం లేదు అన్నాను.

అంటే ఇది పుస్తకం రూలు కాదు, నీ రూలు అంది వెంకటరావమ్మ.

కరీమున్ మధ్యలో దూరింది. మా అమ్మ పులావు పుస్తకం చూసి చేస్తుందా, ఎవరి చేతి మసాలా వాళ్లది, వెయ్యనియ్యవే తల్లీ, ఆ రాక్షసులు వారం నుంచీ నన్ను పొడవడానికి కత్తెత్తుకుని నిలబడే ఉన్నారు అంది. రెబ్కా మెల్లగా మాట్లాడే పిల్ల, ఆమె కూడా వాళ్లవైపే. మా నాన్నగారు ప్రార్థన ముందే రాసుకోరు, నోటికొచ్చిన మాటలతో చేస్తారు, దేవుడు వినడంలేదా అంది.

మంచి మాటే. అందుకే ఇంకా మండింది.

వాళ్లకు ఎలా చెప్పను? నాకు అచ్చులో ఉన్న రూలు అంటే ఇష్టం. పరీక్ష పేపరులో పాస్ మార్కు యలమందయ్యగారి కూతురికీ జక్రయ్య కూతురికీ ఒకటే. ఆ అంకె ఎవరూ కలిపి మార్చలేరు. రూలు ఎవరిష్టం వాళ్లు చేసుకునే చోట మావాళ్లు ఎక్కడ కూర్చున్నారో నాకు తెలుసు. గేటు బయట.

ఇది అక్కడ నోటికి రాలేదు. లేదు అని మాత్రం మళ్లీ అన్నాను.

28 సెప్టెంబరు, సోమవారం, మా ఊరు

దసరా సెలవులు. ఊరంతా మందు వాసన. పత్తి ఆకుల కింద తెల్లదోమ పిండి చల్లినట్టు ఉంది. చెట్టు కదిపితే పొగలా లేచి మళ్లీ కూర్చుంటోంది. ఆకులు జిగటగా నల్లబడ్డాయి.

నాన్నకు అన్నం తీసుకుని చేనికి వెళ్లాను. గట్టుమీద డ్రమ్ము. యలమందయ్యగారు తుమ్మ కర్రతో కలుపుతున్నారు. పక్కన మూడు డబ్బాలు. నేను ఊరుకోలేక డబ్బాలు తిప్పి చదివాను. ఒకదానిమీద ఇతర మందులతో కలపరాదు అని తెలుగులోనే ఉంది. రెండోదానిమీద ఇంగ్లీషులో ఉంది. మూడోదాని లేబులు కొడవలితో గీకేసి ఉంది.

కలపకూడదని రాసి ఉందండీ అన్నాను.

ఆయన కర్ర ఆపకుండానే నవ్వారు. ఒరేయ్ జక్రయ్యా, నీ కూతురు యవసాయాఫీసరయిందిరోయ్ అన్నారు. డబ్బామీద రాసినోడు బొంబాయిలో ఫ్యాను కింద కూచుని రాశాడమ్మా, ఆడికి నా చేనేం తెలుసు, నా దోమేం తెలుసు అన్నారు.

వాడికి కొమ్ములున్నాయా అన్న మాట, అదే గొంతు. తండ్రీ కూతుళ్లు.

గీకిన డబ్బా ఏ మందండీ అని అడిగాను. దాని పేరు మాత్రం అడగమాక అన్నారు. పేరు బయటికొస్తే పక్క చేలో వెంకయ్య పొద్దుగూకేసరికి తెచ్చి కొడతాడట. ఇద్దరూ ఒకటే కొడితే దోమకు అలవాటైపోతుందట, మందుకు పట్టు పోతుందట. మా ఊళ్లో ఇప్పుడు ప్రతి రైతుకూ ఒక సొంత మిశ్రమం ఉంది, ప్రతివాడూ లేబుళ్లు గీకి డబ్బాలు గడ్డివాములో దాస్తున్నాడు. వెంకయ్యగారు కూడా అంతే. గట్టుమీద ఎదురుపడితే ఒకరి డ్రమ్ములోకి ఒకరు తొంగిచూసుకుంటారు.

కలిపేది వాళ్లు. కొట్టేది మా నాన్న. పంపు కారి చొక్కా వీపంతా తడిసి ఉంది. మూతికి తువ్వాలు కట్టుకోమంటే, ఊపిరాడదమ్మా, ఉక్క అన్నాడు. పైగా గొప్పగా చెబుతున్నాడు, ఈ మందు మా బాగా పని చేస్తంది, వాసన చూస్తేనే తల తిరిగిపోద్ది అని.

తిరిగి వస్తుంటే నన్ను తిట్టాడు. చదువుకున్నావని అందరికీ తెలుసు, ఆసామి ముందు డబ్బాలు చదవమాక అన్నాడు.

30 సెప్టెంబరు, బుధవారం

సాయంత్రం నాన్న వాకిట్లో మంచంమీద కూర్చుని దీపం వెలిగించమన్నాడు. దీపం వెలుగుతూనే ఉంది. అమ్మ నావైపు చూసింది. ఎండదెబ్బ అన్నాడు నాన్న. అన్నం వాంతి చేసుకున్నాడు. రేపు పనికి వెళ్లొద్దన్నాను. మడమ తిప్పితే ఆ పంపు ఇంకొకడి వీపెక్కుద్ది అన్నాడు.

వెంకటరావమ్మ ఇంటికి వెళ్లాను, తండ్రికి చెప్పమని అడుగుదామని. పశువుల కొట్టం దగ్గర నిలబడి పిలిచాను. అక్కడిదాకే మేము వెళ్లేది. ఆమె అరుగుమీద కూర్చుని జడ వేయించుకుంటోంది. వాళ్ల అమ్మమ్మ, ఎవరే అది, జక్రయ్య కూతురా, ఏం కావాలంట అంది. వెంకటరావమ్మ నన్ను చూసింది, చూడనట్టు తల వంచుకుంది.

ఏం లేదండీ అని వచ్చేశాను.

11 అక్టోబరు, ఆదివారం

ఈ రోజు ఆట కాదు, పోట్లాట. ఉన్నదున్నట్టు రాస్తాను, నాకు తగిలింది కూడా.

వెంకటరావమ్మ మహాజ్వాలను కాయితంమీద నీటుగా రాసుకొచ్చింది. దూరం, సమయం, లెవెల్, అన్నీ. పుస్తకం లాగే రాశాను, ఇంకేం కావాలి అంది. చదివాను. బాగా రాసింది. ఒక్కటి రాయలేదు. పొగ ఎవరికి తగులుతుందో రాయలేదు.

అడిగాను. మంత్రగత్తె ఎప్పుడూ వెనక వరసలో ఉంటుంది. ముందు కరీమున్ కత్తి పట్టుకుని నిలబడుతుంది. మూడు మంత్రాలు కలిపినదాంట్లోంచి ఏం పొగ వస్తుందో నీకే తెలియదు, ఆ పొగ ముందు ఎవరు పీలుస్తారు అన్నాను. కరీమున్, యా అల్లా, నేనా అంది.

కలిపేవాళ్లు వేరు, కొట్టేవాళ్లు వేరు. అందుకే నేను ఒప్పుకోను అన్నాను.

వెంకటరావమ్మకు అర్థమైంది. మొహం ఎర్రబడింది. మా చేను సంగతి ఇక్కడికెందుకు తెస్తున్నావ్, మీ నాన్నకు ఎవరైనా తుపాకీ పెట్టారా అంది. రెబ్కా వద్దే వద్దే అంటోంది. వెంకటరావమ్మ లేచి నిలబడింది.

ఆ తర్వాత అన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. రూలు రూలు అంటున్నావు కదా, రూలు ప్రకారం నువ్వు నా మంచంమీద కూర్చోకూడదు, నా గ్లాసులో నీళ్లు తాగకూడదు, ఆ రూలు మీ తాతా మా తాతా పుట్టకముందు నుంచీ ఉంది, దాన్ని ఈ హాస్టల్లో మార్చింది నేను, సొంతంగా, ఏ పుస్తకం చూడకుండా, అప్పుడు నీకు బాగానే ఉందే అంది.

కింద ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు.

ఆమె చెప్పింది నిజం. మొదటి ఏడాది, మొదటి రోజు, నేను గుమ్మం దగ్గర నిలబడి ఉంటే, రావే, ఇక్కడ ఎవడు చూస్తాడు అని మంచంమీద కూర్చోబెట్టింది ఆమే.

పెట్టె మూసి తాళం వేశాను. తాళం చెవి మెడలో వేసుకున్నాను.

12 అక్టోబరు

ఆమెను అసహ్యించుకుంటున్నాను. ఆమె మాటకు జవాబు దొరికేదాకా అసహ్యించుకుంటాను.

19 అక్టోబరు, సోమవారం, మధ్యాహ్నం

నాన్నను గుంటూరు తెచ్చారు. ప్రాక్టికల్స్‌లో ఉండగా వాచ్‌మన్ వచ్చి పిలిచాడు. మందు కొడుతూ చేలోనే పడిపోయాడట. దర్శిలో డాక్టరు చూసి ఇక్కడికి పంపేశాడు. వెంకయ్యగారి జీపులో తెచ్చారు. మంచానికి ఒకవైపు యలమందయ్యగారు, ఒకవైపు వెంకయ్యగారు, కాళ్ల దగ్గర అమ్మ. నాన్న నోటివెంట నురగ. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. జయా అని పిలిస్తే నావైపు కాకుండా గోడవైపు చూశాడు.

డాక్టరు కుర్రవాడే. ఏం మందు కొట్టాడు అని అడిగాడు. యలమందయ్యగారు రెండు పేర్లు చెప్పారు. ఇంకేమైనా కలిపారా అన్నాడు. లేదండీ, మామూలు మందే, ఊళ్లో అందరూ కొట్టేదే అన్నారు. నేను మూడో డబ్బా ఉంది సార్, లేబులు గీకేశారు అన్నాను. అది ఖాళీదమ్మా, కొలతకి వాడతాం అన్నారు ఆయన. అంటూ వెంకయ్యగారి వైపు చూశారు. వెంకయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, చెవి మాత్రం ఇటే.

నాకు అప్పుడు అర్థమైంది. ఆయన చెడ్డవాడు కాదు. నాన్నను ఎత్తుకుని జీపెక్కించింది ఆయనే, ఆయన చొక్కానిండా నాన్న వాంతి. కానీ వెంకయ్యగారు వింటుండగా ఆ పేరు చెప్పడు. పట్టు పోతుంది.

డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. ఆ రెండిటికీ ఇంజెక్షన్ పడుతోంది, కానీ ఫిట్స్ వచ్చినట్టు ఒళ్లు ఎగరేస్తున్నాడు, దానికి ఇంకేదో కారణం ఉండాలి, తెలిస్తే దానికి తగ్గట్టు చూస్తాం, తెలియకపోతే చీకట్లో రాయి వేసినట్టే అన్నాడు.

యలమందయ్యగారికి ఇంగ్లీషు రాదు. లేబులు గీకకముందు ఎవరో ఒకరు దాన్ని చదివి చెప్పి ఉండాలి. వాళ్లింట్లో ఇంగ్లీషు చదివేది ఒక్కరే.

రిక్షా ఎక్కి హాస్టలుకు వచ్చాను. బట్టలు సర్దుకోవడానికని వార్డెన్‌గారికి చెప్పాను. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు. వెంకటరావమ్మ ఇంకా ల్యాబ్‌లో ఉందట. వస్తుంది. ఎలా అడగాలో తెలియడంలేదు. వాళ్ల నాన్న మాట కాదని చెబుతుందా? నా కోసం? వారం నుంచీ నా మొహం చూడని మనిషి?

ఆమెకు కావలసింది ఒక్కటే నా దగ్గర ఉంది. మెడలో ఉంది.

20 అక్టోబరు, మంగళవారం

నిన్న జరిగింది.

వెంకటరావమ్మ మెట్లమీద ఎదురొచ్చింది. నేను ముందు అన్న మాట, అమ్మాయిగారూ. హాస్టల్లో ఎన్నడూ రాని మాట దానంతట అదే వచ్చింది. మూడో డబ్బా పేరు చెప్పండి, మీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను. తాళం చెవి తీసి ఆమె చేతిలో పెట్టాను. మహాజ్వాల ఒప్పుకుంటున్నాను, ఏ లెవెల్లో కావాలంటే ఆ లెవెల్లో వేసుకోండి, రిఫరీ కూడా మీరే ఉండండి అన్నాను.

ఆమె తాళం చెవి వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. కొడుతుందనుకున్నాను.

ఛీ అంది. మీ నాన్న ప్రాణానికి నేను ఆట బేరం పెడతాననుకున్నావా అంది. నన్ను అమ్మాయిగారూ అని పిలిస్తేగానీ కదలననుకున్నావా, ఇన్నాళ్లూ నీ లోపల నేను ఇదేనా అంది. తాళం చెవి మెట్లమీద విసిరికొట్టి ల్యాబ్ కోటుతోనే రోడ్డెక్కింది.

రిక్షాలో ఒక్కసారే మాట్లాడింది. అది కూడా రోడ్డువైపు చూస్తూ. కలపొద్దని రాసి ఉంది నాన్నా అని చెప్పాను, ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను అంది.

వార్డులో నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లి పేరు చెప్పింది. డాక్టరుకు సరిగ్గా వినపడలేదు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా, గట్టిగా చెప్పింది. వార్డంతా విన్నది. యలమందయ్యగారు, నోర్ముయ్యవే రావమ్మా అని లేచారు. ఆమె మళ్లీ మొదటి అక్షరం నుంచి చెప్పింది. వెంకయ్యగారి పెదవులు కదిలాయి, బడిపిల్లాడు ఎక్కం వల్లెవేసినట్టు.

రాత్రికి నాన్న ఒళ్లు ఎగరెయ్యడం తగ్గిందని అమ్మ చెప్పింది.

25 అక్టోబరు, ఆదివారం

నాన్న లేచి కూర్చున్నాడు. గంజి తాగాడు. చేతులు వణుకుతున్నాయి, దూరంగా ఉన్న మనిషి పోలిక తెలియడంలేదు. ఇక మందు ముట్టుకోవద్దని డాక్టరు అన్నాడు. మరేం ముట్టుకోను అని నాన్న అడిగాడు. డాక్టరు చీటీ రాసి పక్క మంచం దగ్గరికి వెళ్లాడు.

యలమందయ్యగారు బత్తాయిలు తెచ్చి కిటికీలో పెట్టి వెళ్లారు. నాతో మాట్లాడలేదు. కూతురితో కూడా మాట్లాడటంలేదట.

చిన్నాన్న చూడ్డానికి వచ్చి ఇంకో మాట చెప్పాడు. వెంకయ్యగారు ఆ రోజు ఊరికి తిరిగి వెళ్తూ దారిలో మందుల కొట్టు దగ్గర జీపు ఆపి అదే డబ్బా కొన్నారట. తన దగ్గరున్న రెండిటిలో కలిపారట. లేబులు గీకేశారట.

వెంకయ్యగారి చేలో మందు కొట్టేది మా చిన్నాన్నే.

చిన్నాన్నకు ఆ మందు పేరు చెప్పాను. కలపొద్దని చెప్పాను. అది తాగి మా అన్న బతికే ఉన్నాడు కదమ్మా అన్నాడు. తాగలేదు, పీల్చాడు అన్నాను. ఏదైతేనేంలే అన్నాడు.

8 నవంబరు, ఆదివారం

కరీమున్ మా ఇద్దరి రెక్కలూ పట్టుకుని మేడమీదికి లాక్కొచ్చింది. రెండు నెలలైంది, ఆ రాక్షసులకు గడ్డాలు పెరిగాయి, తేల్చండి అంది. రెబ్కా ముందే వచ్చి బిళ్లల డబ్బా పట్టుకుని కూర్చుంది.

వెంకటరావమ్మ నా ఎదురుగా కూర్చుంది, గోడకు ఆనుకుని. తాళం చెవి ఏది అంది. నా దగ్గరే ఉంది అన్నాను. మెట్లమీద వెతికి తీసుకున్నాను. అడిగితే ఇవ్వను, ఆ రోజు ఇచ్చింది తప్పు అన్నాను. నువ్వు ఇచ్చావు, నేను తీసుకున్నానా అంది. లేదు అన్నాను.

నీకు ఒక జవాబు బాకీ ఉన్నాను అని మొదలుపెట్టాను. ఇన్ని రోజులు ఆసుపత్రి బెంచీమీద కూర్చుని ఆలోచించింది అదే.

నువ్వు గ్లాసు రూలు మార్చావు, నిజమే. హాస్టల్లో మార్చావు. ఎవడు చూస్తాడు అని నువ్వే అన్నావు. ఎవడూ చూడని చోట మార్చావు. దసరాకు నేను మీ కొట్టం దగ్గర నిలబడితే నువ్వు తల వంచుకున్నావు. అక్కడ ఎందుకు మార్చలేదంటే అక్కడ నీకు దెబ్బ తగులుతుంది. నీకు పొగ తగలని చోట మార్చిన రూలు నాకు చాలదు అన్నాను.

గొంతు పెరిగింది. పెరగనిచ్చాను.

ఆమె తన కాయితం మడతపెట్టబోయింది. అయితే స్పెల్ లేదు, అంతేగా అంది.

ఉంది అన్నాను.

ముగ్గురూ నన్ను చూశారు. ఇది బేరం కాదు, కానుక కాదు, రిఫరీగా చెబుతున్నాను అన్నాను. పుస్తకం రాసినవాడికి మా నాన్న తెలియదు, ఆ మాట కూడా నిజమే. రాసినదాంట్లో లేనిది ఎవరో ఒకరు కలపాల్సిందే, నువ్వు ఆ గ్లాసు రూలు మార్చకపోతే నేను ఈ మేడమీద కూర్చునేదాన్నే కాదు. కలుపుకో. కానీ కలిపేవాళ్లకు రెండు షరతులు. ఏమేం కలిపారో అందరికీ వినపడేలా పైకి చెప్పాలి, ఒక్కటి దాచినా స్పెల్ పని చెయ్యదు. వేసేవాళ్లు ముందు వరసలో నిలబడి వెయ్యాలి. పొగ మొదట వాళ్లకే తగలాలి.

మంత్రగత్తెకు కవచం ఉండదే, చచ్చిపోతుంది అంది రెబ్కా.

చావచ్చు అన్నాను.

కరీమున్ డబ్బా గలగలలాడించింది. వెంకటరావమ్మ తన కాయితం మీద ఆ రెండు షరతులూ రాసుకుంది. రాస్తూ, నీకు నామీద ఇంకా కోపమేనా అంది. అవును అన్నాను. నాకూ అంతే అంది. వచ్చే ఆదివారం వేస్తాను, ఈ రోజు గొంతు బాగాలేదు అని లేచి వెళ్లింది.

14 నవంబరు, శనివారం

చిన్నాన్న పంపు దించేశాడట. వెంకయ్యగారి దగ్గర ఇంకొకరు కుదిరారట. ఎవరో అడగలేదు.

15 నవంబరు, ఆదివారం

రమ్య ముందుకొచ్చి నిలబడింది. మూడిటి పేర్లూ ఒక్కొక్కటిగా పైకి చెప్పింది. ఆ తర్వాత నాలుగోది, అయిదోది, ఆరోది కూడా చెప్పింది. అవి స్పెల్ పేర్లు కావు. వాళ్ల నాన్న డ్రమ్ములో కలిపినవి.

బిళ్ల తీసింది. నాలుగు, చిన్న నంబరు.

పొగ నీకే తగిలింది, దగ్గు అన్నాను.

దగ్గింది. ఆటకు అక్కర్లేనంత సేపు దగ్గింది.